చాకొలేట్ అనే ఊళ్లో పుట్టిన పేరు

అమెరికా ఖండాల పటాన్ని నిలువుగా చూస్తే పైకొసన అలాస్కా, కిందికొసన తియెర్రా దెల్ ఫ్యూగో. ఈ రెండింటి నడుమ దూరాన్ని సైకిలు మీద దాటాలని 1972 వేసవిలో రెండు యువజంటలు ఆంకరేజ్ నుండి బయలుదేరాయి. గ్రెగ్, జూన్ సైపుల్ ఒక జంట. డాన్, లిస్ బర్డెన్ మరొక జంట. అర్ధగోళమనే మాటను, యాత్ర అనే మాటను కలిపి తమ ప్రయాణానికి ‘హెమిస్టూర్’ అని పేరు పెట్టుకున్నారు. అలాస్కా, కెనడాల మీదుగా సాగిన మొదటి భాగాన్ని గురించి డాన్ రాసిన వ్యాసం 1973 మే నెల ‘నేషనల్ జియోగ్రాఫిక్’ పత్రికలో వచ్చింది. అయితే ఈ కథలో అసలు మలుపులు రెండూ మెక్సికోలోనే ఉన్నాయి. వాటిని గురించే ఈ నాలుగు మాటలు.

డబ్బు తక్కువగా ఉన్న యాత్రికులకు మెక్సికో ఆనాడు అనువైన దేశం. 1954 నుండి 1976 దాకా ఒక డాలరుకు పన్నెండున్నర పెసోలన్న మారకపు రేటు కదలలేదు. ఈ నెల వేసుకున్న లెక్క వచ్చే నెలకు తప్పేది కాదు. అక్కడి చిన్న పూటకూళ్లలో మధ్యాహ్నం పూట ‘కొమీదా కొర్రీదా’ అని ఒక భోజనం పెడతారు. చారు, అన్నం, ఒక కూర, తాగడానికేదైనా, అన్నీ ఒకే ధరకు వస్తాయి. మన మెస్సు భోజనం ఎరిగినవారికి దాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. మొక్కజొన్న రొట్టెలను కిలోల లెక్కన తూచి అమ్మే అంగళ్లు ఊరూరా ఉంటాయి. గుడారం, పొయ్యి, ఈ రొట్టెలు ఉంటే ఇద్దరు మనుషులకు రోజు గడిచిపోతుంది.

ఇక్కడ ఒక సంగతి మరువరాదు. పొదుపు వేరు, పేదరికం వేరు. దారిపక్కన గుడారం వేసుకున్న విదేశీ దంపతులు తమంత తాముగా లేమిని ఎంచుకున్నవారు. విసుగు పుడితే ఇంటికి మరలిపోగలరు. అదే బాటపై సైకిలు తొక్కుతూ పనికి పోయే మెక్సికను కూలీకి ఆ ఎంపిక లేదు. పాలడబ్బాలు, కూరగాయల గంపలు కట్టిన సైకిళ్లను చూస్తూ పెరిగిన మనకు ఈ తేడా చప్పున తడుతుంది. యాత్రికుని చౌకదనం వెనుక ఆతిథేయుల తక్కువ సంపాదన ఉంటుంది. ఇది యాత్రికులను నిందించడానికి అన్నమాట కాదు. లెక్కలో రెండవ వైపును కూడా రాసుకోవాలని మాత్రమే.

ఇక మొదటి మలుపు. 1976లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు రెండువందల ఏళ్లు నిండుతాయి. ఆ ఏడాది వేలమంది కలిసి సైకిళ్ల మీద దేశాన్ని ఈ తీరం నుండి ఆ తీరానికి దాటాలన్నది గ్రెగ్ కల. 1973లో మెక్సికోలోని చాకొలేట్ అనే చిన్న ఊళ్లో ఆ కల నలుగురి నడుమ చర్చకు వచ్చింది. దానికి తగిన పేరు జూన్ నోట వెలువడింది: ‘బైక్‌సెంటెన్నియల్’. ద్విశతాబ్దికి ఇంగ్లీషులో ఉన్న ‘బైసెంటెన్నియల్’ అన్న మాటలో ఒక్క ‘క్’ చేర్చితే సైకిలు వచ్చి కూర్చుంది. ఊహ భర్తది, పేరు భార్యది. పేరు లేని ఊహ నలుగురి నోళ్లలో నిలవదని పత్రిక పెట్టినవారికీ, సంఘం కట్టినవారికీ తెలుసు.

రెండవ మలుపు దుఃఖకరమైనది. మెక్సికోలోనే డాన్‌కు హెపటైటిస్ సోకింది. మన ఊళ్లలో కామెర్లంటే మంచం పట్టడమే. రోజంతా సైకిలు తొక్కవలసిన మనిషికి అది యాత్రాంతమే. డాన్, లిస్ వెనుదిరిగారు. సైపుల్ దంపతులు ముందుకు సాగారు. దాదాపు 18,000 మైళ్లు తొక్కి 1975 ఫిబ్రవరిలో దక్షిణపు కొస చేరుకున్నారు.

వెనుదిరిగినవారిని ఓడినవారనుకోవడం లోకరీతి. కాని జరిగింది వేరు. మోంటానా రాష్ట్రంలోని మిసూలా పట్టణంలో బర్డెన్ దంపతులు ఆ చాకొలేట్ ఊరి కలను చేతిలోకి తీసుకున్నారు. దారులు వెతకడం, పటాలు గీయించడం, బస ఏర్పాట్లు చూడడం, మనుషులను కూడగట్టడం మొదలైంది. యాత్ర ముగించుకున్నాక సైపుల్ దంపతులూ ఆ పనిలో చేరారు. 1976 వేసవిలో ఓరెగన్ తీరానికీ వర్జీనియాలోని యార్క్‌టౌన్‌కూ నడుమ సుమారు 4,250 మైళ్ల బాటపై 4,000 మందికి పైగా సైకిళ్లు తొక్కారు. ఆ సంఘమే 1990లలో ‘అడ్వెంచర్ సైక్లింగ్ అసోసియేషన్’గా పేరు మార్చుకున్నది.

నలుగురూ కలిసి ఉషుయాయా చేరి ఉంటే ఈ పని ఇంత ముందుగా మొదలయ్యేదా? చరిత్రలో ‘అయి ఉంటే’ అన్న ప్రశ్నకు జవాబుండదు. అయినా ఇంతమాత్రం అనవచ్చు: దూరాన్ని గెలిచిన జంటకు ఒక గమ్యం దక్కింది; జబ్బుపడి ఇల్లు చేరిన జంట వేలమందికి దారి వేసింది. కొలతబద్దతో చూస్తే మొదటిదే పెద్దది. దారిన పోయేవారి వైపు నుండి చూస్తే రెండవది చిన్నదేమీ కాదు.