బనగానపల్లె ప్రాంతం: ఖనిజాన్వేషణ చరిత్ర

నంద్యాల జిల్లా బనగానపల్లె కొండల్లోనూ, తూర్పున నల్లమల అడవుల దాకా ఉన్న భూముల్లోనూ వజ్రాలు, ఇనుప రాయి వంటి ఖనిజాల కోసం జరిగిన వెదుకులాట కథ ఇది. విజయనగర కాలం నుంచి నవాబుల ఏలుబడి దాకా ఈ సీమలో వజ్రాల తవ్వకాలు సాగాయి.

1839లో కర్నూలు కుంఫిణీ పాలనలోకి వచ్చాక మద్రాసు సైన్యాధికారి న్యూబోల్డ్ ఇక్కడి శిలలపై వ్యాసాలు ప్రచురించాడు. బేతంచెర్ల సమీపంలోని బిల్లసర్గం గుహలను 1844లో వర్ణించిందీ ఆయనే.

అసలైన పరిశోధన విలియం కింగ్‌ది. జియలాజికల్ సర్వే ఉద్యోగిగా ఆయన కడప, కర్నూలు శిలలను ఎంతో ఓపికగా పరిశీలించి 1872లో ప్రామాణిక గ్రంథం వెలువరించాడు. కర్నూలు శిలలను నాలుగు వర్గాలుగా విభజించి వాటికి బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యం, కుందేరు అని ఈ నేల పేర్లే పెట్టాడు. అన్నిటికంటే అడుగున ఉండే బనగానపల్లె ఇసుకరాయిలో గులకరాళ్లు కలిసిన పొరే వజ్రాలకు నెలవు. కూలీలు పైబండను తొలిచి గుంత దించి, ఆ పొర తగలగానే అడ్డంగా ఇరుకు సొరంగాలు తవ్వేవారు. తెచ్చిన రాయిని పగలగొట్టి, కడిగి, ఆరబోసి ఏరేవారు. సింగరేణి బొగ్గును కనుగొన్నదీ ఈ కింగే. అక్కడి ఒక బొగ్గు పొరకు నేటికీ ఆయన పేరే ఉంది. 1887లో ఆయన సర్వేకు అధిపతి అయ్యాడు.

ఇనుము విషయం వేరు. వెల్దుర్తి, రామళ్లకోట దగ్గర మేలైన హెమటైట్ ఉంది. కానీ అది బైలదిల్లాలో మాదిరి కొండలకు కొండలుగా లేదు. రాతి పొరలు విరిగిన చోట్ల పేరుకున్నది మాత్రమే. అడవి బొగ్గుతో నడిచిన పాతకాలపు కొలుములు విదేశీ ఇనుము దిగుమతితో పోటీకి నిలవలేకపోయాయి.

అప్పటిదాకా నవాబుల కింద ఉన్న బనగానపల్లె సంస్థానం 1948లో మద్రాసు ప్రావిన్సులో కలిసింది. ఆ తర్వాత ఈ ప్రాంతానికి పేరు తెచ్చినవి నాపరాయి, మామిడి.

ఇనుముపై ఆశ మాత్రం పోలేదు. పొరుగున కడప జిల్లాలో 2007లో ఒకసారి, 2018లో మరోసారి, 2019లో సున్నపురాళ్లపల్లె వద్ద ఇంకోసారి ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపనలు జరిగాయి. చివరిదానికి ఏటా 50 లక్షల టన్నుల ఇనుప ఖనిజం సరఫరా కోసం రాష్ట్ర ప్రభుత్వం 2019 డిసెంబరులో ప్రభుత్వ రంగ గనుల సంస్థ ఎన్ఎండీసీతో ఒప్పందం చేసుకుంది.