పిచ్చాసుపత్రి గేటు దగ్గర ఆగిన తెలుగు కథ

పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు. చిత్తూరు వైపు సోమల, పుంగనూరు పల్లెల్లో ఈ సామెత నవ్వుతూ అంటారు, కొన్ని ఇళ్లలో అక్షరాలా పాటిస్తారు. మతి చెడిన పిల్లకు ముందు తాయెత్తు, తర్వాత మంత్రగాడు, ఆపైన మూడుముళ్లు. ఏదీ పనిచేయకపోతే వేలూరు బస్సు. అక్కడి బాగాయంలో సి.ఎం.సి. ఆసుపత్రి వాళ్లు 1957లో మానసిక వైద్య కేంద్రం పెట్టి, రోగితోబాటు ఇంటివాళ్లనూ ఉంచుకుని వైద్యం చేశారు. ఈ దారంతా తెలుగు కథలో ఎంత కనిపిస్తుందని వెనక్కి తిరిగి చూస్తే బాధే మిగులుతుంది.

బయటి దేశాల్లో పిచ్చి మీద రచన పాతది. 1847లో ‘జేన్ ఐర్’ నవల మతి చెడిన భార్యను మేడమీద గదిలో దాచింది. ఆమె వైపు కథ చెప్పడానికి 1966లో జీన్ రీస్ రావాల్సి వచ్చింది. చెహోవ్ ‘ఆరో నంబరు వార్డు’ (1892)లో కాపలావాడు నికీత రోగులను పిడికిళ్లతో బాదుతుంటాడు. డాక్టరు రాగిన్ అది చూస్తూనే తత్వం మాట్లాడుకుంటాడు. చివరికి అతన్నీ అదే వార్డులో పడేస్తారు, అదే నికీత కొడతాడు. ఇన్నేళ్లూ ఆ రోగులు పడ్డ నొప్పి ఏమిటో ఆ దెబ్బతోగాని అతనికి తెలియలేదు.

మన విశాఖలో పిచ్చాసుపత్రి పందొమ్మిదో శతాబ్దం నుంచే ఉంది. మన నవల మాత్రం మనసులోకి వెళ్లింది, ఆసుపత్రిలోకి వెళ్లలేదు. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ సీతారామారావు, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ దయానిధి, 1969లో నవీన్ ‘అంపశయ్య’ రవి. గొప్ప నవలలే, కాదనను. కానీ ఇవన్నీ చదువుకున్న మగవాళ్ల మనసులు. పెరటి కొట్టంలో కట్టేసిన ఆడమనిషి వైపు వీళ్లెవరూ తొంగిచూడలేదు.

ఆ గేటు కాస్త తెరిచింది సినిమా. బుచ్చిబాబు నవలతో సంబంధం లేకుండా అదే పేరుతో 1960లో వచ్చిన ‘చివరకు మిగిలేది’లో సావిత్రి పిచ్చాసుపత్రి నర్సు. బెంగాలీలో సుచిత్రా సేన్ వేసిన పాత్ర అది. రోగి కుదుటపడాలంటే ప్రేమ నటించమని డాక్టరు ఆమెకు పురమాయిస్తాడు. రోగి బాగుపడి వెళ్లిపోతాడు, నర్సుకు మతి చెదురుతుంది. మనిషిని మందులా వాడేసిన వైద్యం మీద అంత సూటిగా వేలెత్తిన తెలుగు చిత్రం మళ్లీ నాకు కనపడలేదు.

1980ల్లో యండమూరి నవల ‘తులసిదళం’ పాఠకులను ఊపేసింది. పసిపిల్ల జబ్బు చేతబడి అయి కూర్చుంది. రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని పుస్తకమే రాశారు. ఆమె కోపం నాకు న్యాయంగానే తోస్తుంది. 2021 జనవరిలో మదనపల్లెలో ఇద్దరు ఆడపిల్లల హత్య జరిగినప్పుడు, నిందితులైన తల్లిదండ్రులను విశాఖ మానసిక వైద్యశాలకు పంపారు. జనం నోట మాత్రం క్షుద్రపూజల కథే నడిచింది, జబ్బు మాట వెనకబడింది.

జబ్బు మాట వెనకబడితే ఏమవుతుందో అంతకుముందే చూశాం: తమిళనాడు ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న పాక మంటల్లో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు చనిపోయారు. మానసిక రోగిని గొలుసుతో కట్టడం 2017 చట్టం ప్రకారం నిషిద్ధం. చిత్తూరు యాసలో ఇంత మంచి కథలు రాస్తున్నవాళ్లారా, వేలూరు బస్సులో అమ్మ పక్కన కూర్చున్న ఆ పిల్ల కథ ఆమె నోటితోనే రాయండి.