బ్యాకప్ స్క్రిప్టు

సర్వర్‌లోని ఫైళ్లను, డేటాబేస్‌ను మనిషి కూర్చోకుండానే వేళకు కాపీ తీసి మరోచోట దాచే చిన్న ప్రోగ్రామే బ్యాకప్ స్క్రిప్టు. దీని సరంజామా పాతదే. ఫైళ్లను మూటగట్టే టార్, చెప్పిన వేళకు పని నడిపే క్రాన్ 1979 నాటి యూనిక్స్ ఏడవ వెర్షన్‌లోనే ఉన్నాయి. మారిన భాగాలను మాత్రమే అవతలి యంత్రానికి పంపే ఆర్‌సింక్ 1996లో వచ్చింది. నడుస్తున్న డేటాబేస్ ఫైళ్లను ఉన్నపళంగా కాపీ చేస్తే సగం రాసిన లావాదేవీలూ వచ్చేస్తాయి. అందుకే ఒకే క్షణపు స్థితిని బయటికి తీసే మైఎస్‌క్యూఎల్‌డంప్, పీజీడంప్ వంటివి పుట్టాయి. కాపీ తీయడం అలా ఎప్పుడో తేలికైంది. తీసిన కాపీ నుంచి పనిని మళ్లీ నిలబెట్టడమే నేటికీ తేలలేదు. స్క్రిప్టును అంచనా కట్టాల్సింది అక్కడే.

తెలుగునాట ఈ ప్రశ్న భూమి కాగితాలతో ముడిపడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరు 4న మొదలైన 'కార్డ్' పథకంతో రిజిస్ట్రేషన్లు కంప్యూటర్‌కెక్కాయి. తెలంగాణలో భూరికార్డుల పోర్టళ్లుగా 2020 అక్టోబరు 29న ధరణి, 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చాయి. పట్టాదారు హక్కుకు రుజువు ఇప్పుడు డేటాబేస్‌లోని ఒక వరుస. పైగా ఇది వరదల నేల. భద్రాచలం వద్ద గోదావరి మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకే. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మం కాలనీలను ముంచింది. ఇలాంటి చోట ఏ కార్యాలయమైనా, ఆసుపత్రైనా సర్వర్ పక్క బల్ల మీది హార్డ్‌డిస్కుకు కాపీ పంపితే రెండూ ఒకే నీటిలో మునుగుతాయి. అన్నీ పెద్ద డేటా సెంటర్‌కు చేరాయి కదా, ఇక భయమేమిటని అడగవచ్చు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ కాలింది; బయట కాపీ లేక అధికారుల ఫైళ్లు 858 టెరాబైట్లు పోయాయి.

దూరాన కాపీ ఉన్నా చాలదు. డేటాబేస్ నుంచి తీసిన కాపీని, అంటే డంప్‌ను, నేరుగా ఫైళ్లను కుదించే జీజిప్‌లోకి పంపే స్క్రిప్టులు కొల్లలు. డంప్ మధ్యలో విఫలమైనా, ఆదేశాలు నడిపే షెల్ చూసేది చివరి ఆదేశం ఫలితాన్నే కాబట్టి అంతా సవ్యమనే నమోదవుతుంది. డంప్ మొదలే కాకపోతే 20 బైట్ల ఖాళీ ఫైలు తేదీ తగిలించుకుని వరుసలో కూర్చుంటుంది. బాష్ షెల్‌లో 'పైప్‌ఫెయిల్' పెడితే ఈ మోసం బయటపడుతుంది, పెట్టేవారే తక్కువ. 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్‌ను భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థలో పొరపాటున ప్రధాన డేటాబేస్ చెరిగిపోయింది. పీజీడంప్ వెర్షన్ సరిపడక రోజువారీ బ్యాకప్ ఆగిపోయి ఉంది; ఆ సంగతి తెలిపే ఈమెయిళ్లను అవతలి సర్వర్ తిప్పికొట్టింది. ఒక ఇంజనీరు వేరే పనికి తీసుకున్న ఆరు గంటల నాటి స్నాప్‌షాట్ వారిని ఆదుకుంది.

డేటాబేస్‌కు ప్రతిక్షణం నకలు నడిచే రెప్లికేషన్ ఉంటే స్క్రిప్టెందుకన్నది మరో వాదన. యంత్రం చెడితే అది ఆదుకుంటుంది, నిజమే. కానీ తప్పుగా కొట్టిన డిలీట్‌నూ అంతే నమ్మకంగా నకలు చేస్తుంది. చిన్న ఆఫీసుల్లో పరీక్షించే మనిషి లేడన్నది ఇంతకంటే గట్టి అభ్యంతరం. అయితే మనిషి చేయాల్సినంత పని అందులో లేదు: రాత్రి డంప్‌ను వేరే యంత్రంలో ఎక్కించి, ముఖ్య పట్టికల్లో వరుసలు లెక్కించి, నిన్నటితో పోల్చే కొద్ది పంక్తులు అదే స్క్రిప్టుకు చేర్చవచ్చు. అవి లేని స్క్రిప్టును కాపీ యంత్రం అనవచ్చు గానీ, బ్యాకప్ ఏర్పాటుగా లెక్కవేయలేం.