కాళ్ల మీద నిలిచిన ఇళ్లు

ఇల్లు కట్టాలంటే ముందు నేల చదును చేయాలని మనమంతా అనుకుంటాం. గుట్ట ఉంటే తవ్వుతాం, గుంట ఉంటే పూడుస్తాం, ఆ తర్వాతే ముగ్గు పోస్తాం. నేలను దాని మానాన వదిలేసి, ఇంటి కాళ్లనే నేలకు తగ్గట్టు పొడుగూ పొట్టీ చేసుకుని కట్టేవాళ్లు ఉన్నారని చదివినప్పుడు నాకు మొదట వింతగా అనిపించింది. వెదికి చదివేకొద్దీ అది వింత కాదనీ, దాని వెనక పెద్ద కథే ఉందనీ తెలిసింది. నేను ఆ దేశం చూసినవాణ్ణి కాను. పుస్తకాల్లో చదివిందీ, బొమ్మల్లో చూసిందీ చెబుతున్నాను. అయినా ఈ కథ మనలాంటి వాళ్లం తప్పక తెలుసుకోవలసిందని నా నమ్మకం. ఎందుకో చివర చెబుతాను.

చైనాలో హూనాన్, హూబే, గ్వీజౌ రాష్ట్రాలూ చోంగ్‌చింగ్ ప్రాంతమూ కలిసేచోట వూలింగ్ పర్వతాలు ఉన్నాయి. అక్కడ తూజియా, మియావో అనే రెండు జాతులవారు తరతరాలుగా పక్కపక్కనే ఉంటున్నారు. మియావోలు దక్షిణాన గ్వీజౌ ఆగ్నేయ భాగంలో ఇంకా ఎక్కువగా ఉన్నారు. 2020 జనాభా లెక్కల్లో తూజియాలు 95 లక్షల పైచిలుకు, మియావోలు కోటీ పది లక్షలు. వీళ్ల కొయ్య ఇళ్లను చైనా భాషలో 'దియావ్‌జియావ్‌లౌ' అంటారు. వేలాడే కాళ్ల మేడ అని అర్థం. ఇంటి వెనక భాగం కొండను ఆనుకుని గట్టి నేల మీద ఉంటుంది. ముందు భాగం పల్లం వైపు స్తంభాల మీద నిలబడుతుంది. చుట్టూ తిరిగే వసారాకు ఉన్న కొన్ని స్తంభాలు నేలదాకా రావు. గాలిలోనే ఆగిపోతాయి. వాటి కొనలను గుమ్మడికాయలాగా చెక్కుతారు. వేలాడే కాళ్లంటే అవే.

ఇలా ఎందుకు కట్టారంటే సమాధానం తేలికే. కొండల్లో చదునైన నేల చారెడు ఉంటే అది వరి మడికే పోతుంది. ఇల్లు వాలు మీదికి వెళ్లాలి. ఆ కొండల్లో వాన ఎక్కువ, తేమ ఎక్కువ, పాములూ పురుగులూ ఎక్కువ. నేలకు ఎత్తుగా ఉంటే గాలి ఆడుతుంది, గింజ బూజు పట్టదు, కింద పశువులను కట్టుకోవచ్చు.

ఇది తూజియాలో మియావోలో కనిపెట్టిన పద్ధతి కాదు. జెజియాంగ్ రాష్ట్రంలో హెముదు అనేచోట 1973లో బయటపడిన ఊరు దాదాపు 7000 ఏళ్ల నాటిది. అక్కడ స్తంభాల మీద కట్టిన ఇళ్ల కొయ్యలు దొరికాయి. వాటిలో ఒక కొయ్యకు తొలిచిన బెజ్జంలో మరో కొయ్య కొనను దూర్చి బిగించిన అతుకులు ఉన్నాయి. క్రీ.శ. 6వ శతాబ్దంలో రాసిన వేయ్ వంశ చరిత్రలో, నైరుతి కొండల వాళ్లు చెట్లను ఆధారం చేసుకుని కొయ్యలు పేర్చి పైన కాపురముంటారనీ, ఆ ఇంటిని 'గాన్‌లాన్' అంటారనీ ఉంది. దోంగ్, జువాంగ్ జాతులవాళ్లూ ఇలాంటి ఇళ్లు కట్టారు. కాబట్టి ఈ ఇల్లు ఒక్కరి సొత్తు కాదు. అయితే వూలింగ్ కొండల్లో దానికి వచ్చిన రూపానికి వేరే చరిత్ర ఉంది.

తూజియా ప్రాంతాలను చాలాకాలం 'తూసీ'లు ఏలారు. చక్రవర్తికి కప్పం కట్టి, స్థానికంగా వంశపారంపర్యంగా పాలించే దొరలు వాళ్లు. యోంగ్‌షున్‌లో పెంగ్ వంశం ఎనిమిది శతాబ్దాలు ఏలింది. లావ్‌సిచెంగ్ అనేచోట ఉన్న వాళ్ల రాజధాని శిథిలాలు 2015లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. మింగ్ వంశ చరిత్రలో ఒక నమోదు ఉంది. 1515లో పెంగ్ షిచీ అనే దొర చక్రవర్తికి 30 పెద్ద దుంగలనూ, అంతకంటే చిన్నవి 200 దుంగలనూ కానుకగా ఇచ్చి, తానే దగ్గరుండి బీజింగుకు చేర్పించాడు. దుంగలు నదుల వెంట తేలుతూ అన్ని వందల కోసులూ వెళ్లాయి. వాటిని కొండల మీంచి దించిన కూలీల పేర్లు ఆ చరిత్రలో లేవు.

అంత మాను రాజధానికి పంపిన కొండల్లో మామూలు మనిషి ఇల్లు ఎలా ఉండేది? ఆ జిల్లా పాత గ్రంథాలు చెప్పేదాని ప్రకారం దొర కచేరీకి చెక్కిన దూలాలు, పెంకుల కప్పు. అతని కింది పెద్దలు స్తంభాలు నిలిపి పలక గోడలు పెట్టుకోవచ్చు. జనం మాత్రం కొయ్యలు నాటి వెదురు తడికలే గోడలుగా అల్లుకోవాలి. దొర తప్ప ఎవరూ పెంకు వేయకూడదు. వేస్తే హద్దు మీరిన నేరం. డబ్బుంటే గుర్రాన్ని కొనుక్కో గానీ పెంకు మాత్రం వేయకు అన్న అర్థంలో ఒక సామెత అక్కడ నేటికీ ఉంది.

1728లో యోంగ్‌షున్ దొరతనం పోయింది. చింగ్ చక్రవర్తి యోంగ్‌జెంగ్ తూసీలను తీసేసి తన అధికారులను నేరుగా పంపాడు. పెంకు మీద నిషేధం పోయింది. ఆ వచ్చిన అధికారులే, ఇంటిల్లిపాదీ పొయ్యి చుట్టూ ఒకేచోట పడుకోవడం మర్యాద కాదనీ, గదులు విడిగా కట్టుకోవాలనీ ఆజ్ఞలు పెట్టారు. ఒక చేత్తో పెంకు ఇచ్చి, మరో చేత్తో ఇంటి లోపలికి వచ్చారన్నమాట. ఈ రోజు మనం బొమ్మల్లో చూసి అనాది కాలం నాటిదనుకునే తూజియా ఇల్లు, నల్లటి పెంకులతో, కొసలు పైకి లేచిన చూరుతో, వరస గదులతో ఉన్నది, చాలావరకు ఆ తర్వాతి రెండు మూడు వందల ఏళ్లలో రూపు కట్టింది. మియావోల దారి ఇంకా కష్టమైనది. 1795లో హూనాన్-గ్వీజౌ సరిహద్దులో, 1854 నుంచి 1873 దాకా గ్వీజౌలో వాళ్లు పెద్ద తిరుగుబాట్లు చేశారు, ఓడిపోయారు. ఓడినవాళ్లకు పల్లపు భూములు దక్కవు. వాళ్ల ఇళ్లు అంత నిటారు వాలుల మీద ఎందుకున్నాయో అక్కడ కొంత తెలుస్తుంది.

ఇక కట్టే విధానం. వడ్రంగి పెద్దను 'జాంగ్‌మోషీ' అంటారు. సిరా చేతబట్టిన మేస్త్రీ అని చెప్పుకోవచ్చు. సిరాలో తడిపిన దారాన్ని లాగి దుంగ మీద కొట్టి గీత వేసే అధికారం ఆయనది. కోయడం, చెక్కడం, తొలవడం మిగతావాళ్ల పని. గీత తప్పితే ఇల్లు తప్పుతుంది. ఆయన దగ్గర కాగితం మీద గీసిన నక్షా ఉండదు. సోంగ్ వంశ ప్రభుత్వం 1103లోనే రాజభవనాల నిర్మాణానికి పెద్ద గ్రంథం అచ్చు వేయించింది. కొండల వడ్రంగికి ఆ గ్రంథంతో పనిలేదు. ఆయన గ్రంథం ఒక వెదురు కర్ర. ఇంటి నడిమి స్తంభమంత పొడుగున్న వెదురును నిలువునా చీల్చి, ఏ స్తంభం ఎంత ఎత్తు, ఏ దూలం ఎక్కడ దూరాలి, బెజ్జం ఎంత వెడల్పు, అన్నీ దాని మీదే గుర్తులు పెడతాడు. ఇల్లంతా ఆ కర్ర మీద ఉంటుంది. ఎత్తు కొలతలు ఎనిమిదితో ముగియడం శుభమని తూజియాల నమ్మకం. నడిమి స్తంభం 18 అడుగుల 8 అంగుళాలన్నట్టు వాళ్ల కొలతల్లో పెడతారు. మన లెక్కలో ఆరు మీటర్ల పైమాట.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది కర్ర కాదు, పుల్లలు. మాను యంత్రంలోంచి వచ్చింది కాదు గనుక ఏ రెండు స్తంభాలూ ఒక్కలా ఉండవు. ఒకటి కాస్త లావు, ఒకటి కాస్త వంకర. అందుకని తొలిచిన ప్రతి బెజ్జం కొలతనూ ఒక సన్నటి వెదురు పుల్ల మీద గీసుకుంటారు. అది ఏ స్తంభానిదో, ఎటువైపుదో తమకు తెలిసిన గుర్తులతో దాని మీదే రాస్తారు. ఆ పుల్లను బట్టి ఆ బెజ్జంలోకి వెళ్లే దూలం కొనను చెక్కుతారు. బెజ్జాలెన్నో పుల్లలన్ని. ఈ దూలం ఆ స్తంభానికి తప్ప మరోదానికి పట్టదు. ఇనుప మేకు అక్కర్లేకుండా ఇల్లు నిలబడడం గొప్ప అని అందరూ అంటారు. ప్రతి మాను వంకరనూ గౌరవించి కొలవడం అంతకన్నా గొప్ప అనిపిస్తుంది నాకు.

వాడే మాను ఎక్కువగా అక్కడి ఫర్ జాతి చెట్టు. నిటారుగా పెరుగుతుంది, తేలిక, త్వరగా పుచ్చదు. గ్వీజౌ ఆగ్నేయాన మియావోలు నడిమి స్తంభానికి మాత్రం మేపుల్ లాంటి ఒక చెట్టును కోరుకుంటారు. తమ ఆది తల్లి సీతాకోకచిలుక ఆ చెట్టులోంచే పుట్టిందని వాళ్ల పురాణం. ఇంటి నడుమ ఆ తల్లి నిలబడుతుందన్నమాట. స్తంభాలను వరసకొకటిగా నేల మీదే దూలాలతో కూర్చి, ఊరంతా వచ్చి తాళ్లతో, గడలతో లేపుతారు. స్తంభాలను భూమిలో పాతరు, రాతి దిమ్మల మీద నిలుపుతారు. అవసరమైతే ఇంటిని విప్పి మరోచోట మళ్లీ కట్టుకోవచ్చు.

తూజియాల్లో వెన్నుదూలానికి ఒక సరదా ఆచారం ఉంది. ఆ చెట్టును సొంత తోటలోంచి కొట్టరు, రాత్రిపూట పరాయివాడి కొండ మీంచి 'దొంగిలిస్తారు'. మొద్దు దగ్గర ఎర్ర కాగితంలో డబ్బు పెట్టి, టపాకాయలు కాల్చి మరీ వస్తారు. చెట్టుగలవాడు కోపగించుకోడు. తన చెట్టు ఒకరి ఇంటికి వెన్ను అయిందని సంతోషిస్తాడు. దూలం ఎత్తేటప్పుడు మేస్త్రీ పైనుంచి శుభం పలుకుతూ పిండివంటలు విసురుతాడు, కింద జనం ఏరుకుంటారు. మన వడ్రంగులకు విశ్వకర్మ ఎలాగో వాళ్లకు లూ బాన్ అలాగ. ఆయనకు మొక్కకుండా పని మొదలుకాదు.

లోపల తూజియా ఇంటికి నడుమ పెద్ద హాలు, అందులో పెద్దల పీఠం. పక్క గదిలో నేలలో అమర్చిన నిప్పుగుంట, పైన పొగకు వేలాడే పంది మాంసం. మియావో ఇల్లు మూడంతస్తులు. కింద పశువులు, నడుమ మనుషులు, పైన ధాన్యం. నడిమి అంతస్తు ముందువైపు వంపు తిరిగిన ఊచల బల్ల ఉంటుంది. ఆడవాళ్లు అక్కడ కూర్చుని కుట్టుపని చేసుకుంటారు. లేషాన్ జిల్లా షీజియాంగ్‌లో వెయ్యి గడపల మియావో ఊరు ఇలాగే కొండ నిండా మెట్లు మెట్లుగా ఉంది.

సాహిత్యంలో ఈ ఇళ్లకు చోటు ఇచ్చినవాడు షెన్ త్సోంగ్‌వెన్. ఫెంగ్‌హువాంగ్‌లో 1902లో పుట్టాడు. నాయనమ్మ మియావో, తల్లి తూజియా. 1934 నాటి ఆయన నవల 'సరిహద్దు పట్టణం'లో నది ఒడ్డు ఇళ్లు సగం నేల మీద, సగం నీళ్ల మీద ఉంటాయి. వరద వస్తే జనం చూరు నుంచి కోటగోడకు నిచ్చెన వేసుకుని మూటాముల్లెతో ఎక్కిపోతారు. నీళ్లు తీశాక తిరిగి వస్తారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1950లో తియాన్ షిన్‌తావ్ అనే యువతి మియావో ప్రతినిధిగా బీజింగు ఉత్సవాలకు వెళ్లింది. తాను మియావోను కాననీ, తమ భాష వేరనీ అక్కడ చెప్పింది. పండితులు ఆమె మాటలు రాసుకుని పరిశీలించారు. పాన్ గ్వాంగ్‌దాన్ వంటివారు చరిత్ర తవ్వారు. 1957 జనవరిలో తూజియాలను వేరే జాతిగా ప్రభుత్వం గుర్తించింది. అంటే వాళ్లకు ఆ పేరు నిలబెట్టింది భాష. లిపి లేని భాష, ఇంట్లో మాట్లాడుకునే భాష.

ఈనాడు ఆ భాష మాట్లాడేవాళ్లు తూజియాల్లో నూటికి ఒక్కరు కూడా లేరు. భాష తగ్గినకొద్దీ గుర్తుగా ఇల్లు ముందుకొచ్చింది. మియావో ఇళ్ల నిర్మాణ విద్యను 2006లో, తూజియా ఇళ్ల విద్యను 2011లో జాతీయ వారసత్వ జాబితాలో చేర్చారు. 2008 నుంచి షీజియాంగ్‌కు పర్యాటకులు వెల్లువెత్తారు. కానీ 1998 యాంగ్‌త్సీ వరదల తర్వాత సహజ అడవులు కొట్టడాన్ని కట్టడి చేశారు. పడుచువాళ్లు పనులకోసం తీరపు నగరాలకు వెళ్లారు, తిరిగొచ్చి సిమెంటు ఇల్లు కట్టుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. కొయ్య ఊళ్లకు నిప్పు భయం ఎంతటిదంటే, 2014 జనవరిలో ఆ ప్రాంతంలోనే బావ్‌జింగ్ అనే దోంగ్ గ్రామంలో ఒక్క రాత్రిలో నూరిళ్లకు పైగా బూడిదయ్యాయి. కొన్నిచోట్ల సిమెంటు గోడకు పైపైన పలకలు బిగించి పాత ఇల్లనిపిస్తున్నారు. దూరం నుంచి తేడా తెలియదు. ఆ పలక వెనక బెజ్జం లేదు, పుల్ల లేదు, పుల్ల మీది గుర్తు చదివే మేస్త్రీ అవసరమూ లేదు.

నేను కర్ణాటకలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. మా నాన్న దూలం, వాసం, నిట్రాడు అని ఏ కొయ్యకు ఆ పేరు పెట్టి పిలిచేవాడు. మా మనవడికి దూలం 'తొలె'గానే తెలుసు. కన్నడ నన్ను పెంచిన భాష, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పండక్కి గుమ్మానికి మామిడాకులు మేమూ కడతాం, ఫోటోలో చూస్తే మా ఇల్లు తెలుగువాళ్ల ఇల్లే. తూజియాల కథ చదివాక మాత్రం ఒకటి అర్థమైంది. పైకి కనిపించే గుర్తును కాపాడటం తేలిక, దానికి డబ్బూ జాబితాలూ దొరుకుతాయి. లోపల కొయ్యకూ కొయ్యకూ సరిపడేలా కొలిచే ఆ పుల్లలను మాత్రం ఒకరి చేతిలోంచి మరొకరు అందుకోవలసిందే. పోయిన ఆదివారం మనవణ్ణి పాత ఇంటికి తీసుకెళ్లి, పైకి చూపించి, ఒక్కో కొయ్య పేరూ చెప్పాను. వాడు నాలుగు పేర్లు పట్టుకున్నాడు. మిగతావి వచ్చే ఆదివారం.