అవ్వ పసరు, నానో పొర: రాసి లేని జ్ఞానం ఎవరిది?

మా హాస్టల్లో ఏడో తరగతి పిల్ల ఒకసారి ఆటలో పడి మోకాలు చెక్కుకుపోయింది. నేను ప్రథమ చికిత్స పెట్టె తెచ్చేలోగా గోడ పక్కనున్న గడ్డిచామంతి ఆకు నలిపి పసరు పిండుకుంది. "మా అవ్వ ఇలాగే పిండుద్ది మేడం" అంది. గాయం కడిగి కట్టు కట్టాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. గడ్డిచామంతి అమెరికా ఖండం నుంచి మన నేలకు వచ్చిన మొక్క. కొత్తగా వచ్చిన మొక్కను కూడా మన పెద్దలు వాడి చూసి, గుణం తెలుసుకున్నారన్నమాట. అది పరిశోధన కాదా? మరి ఎక్కడైనా రాసి ఉందా?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ ప్రశ్న వెనుక ఒక చరిత్ర ఉంది.

నేడు ప్రయోగశాలల్లో మొక్కల సారాన్ని పాలిమర్ ద్రావణంలో కలిపి సూదిమొన గుండా వదులుతున్నారు. వేల వోల్టుల విద్యుత్తు ఆ చుక్కను సన్నని దారంగా సాగదీస్తుంది. ఆ దారాలు ఎదుటి పలక మీద పడి పలచని పొరగా అల్లుకుంటాయి. మన వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లయితే, ఈ దారం మందం కొన్ని వందలే. చర్మంలోని కొల్లాజెన్ అల్లికను పోలి ఉంటుంది కాబట్టి కొత్త కణాలు దాన్ని పట్టుకుని పెరుగుతాయి. గాలి ఆడుతుంది, మందు కొద్దికొద్దిగా గాయంలోకి దిగుతుంది. దీని పేరు ఎలక్ట్రోస్పిన్నింగ్. 1902లోనే అమెరికాలో దీనికి పేటెంట్లు వచ్చాయి. 1990లలో అక్రన్ విశ్వవిద్యాలయంలో రెనెకర్ బృందం కృషితో మళ్ళీ వెలుగులోకి వచ్చింది. 2009లో వెలువడిన ఒక పరిశోధనలో, పసుపులోని కర్క్యుమిన్ నింపిన పొర వేస్తే మధుమేహం ఉన్న ఎలుకల గాయాలు త్వరగా మూసుకున్నాయి.

పసుపు అనగానే 1995 గుర్తు చేసుకోవాలి. పసుపుతో గాయం మాన్పే పద్ధతికి ఆ ఏడాది మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి అమెరికా పేటెంట్ ఇచ్చింది. మన సి.ఎస్.ఐ.ఆర్. సవాలు చేసింది. అయితే అప్పటి అమెరికా చట్టం ప్రకారం, వేరే దేశంలో జనం వాడుతున్నారంటే చాలదు, అచ్చులో ఉండాలి. సంస్కృత గ్రంథాలు, 1953 నాటి వైద్య పత్రికలోని వ్యాసం వంటి 32 ఆధారాలు చూపాక 1997లో పేటెంట్ రద్దయింది.

పసుపుకు పుస్తకం ఉంది కాబట్టి గెలిచాం. అవ్వ నోట మాత్రమే ఉన్న ఆకుకు ఏ పుస్తకం చూపిస్తాం? 2001లో మొదలైన సంప్రదాయ జ్ఞాన డిజిటల్ గ్రంథాలయానికి కూడా ప్రధానంగా రాసి ఉన్న గ్రంథాలే ఆధారం.

మరో దారి చూపినవారు కేరళ కాణి గిరిజనులు. 1987లో అగస్త్యమలై అడవుల్లో శాస్త్రవేత్తలకు దారి చూపుతూ, అలసట తీర్చే ఆరోగ్యపచ్చ మొక్క గుట్టు చెప్పారు. దానితో తయారైన 'జీవని' మందు హక్కులను 1995లో ఒక కంపెనీకి ఇచ్చినప్పుడు, లైసెన్సు రుసుములో, రాయల్టీలో సగం కాణిలకు ఇవ్వాలని నిర్ణయించారు. అందుకోసం 1997లో వారి ట్రస్టు ఏర్పడింది.

2002 జీవవైవిధ్య చట్టం ఆ దారిని దేశమంతటికీ తెచ్చింది. స్థానిక సంస్థల్లో జీవవైవిధ్య కమిటీలు ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. మీ పంచాయతీకి వెళ్ళి ఆ రిజిస్టరు చూపమని అడగండి. మన మొక్కలు అందులో ఉన్నాయా, ఎవరిని అడిగి రాశారో చూడండి. ఒక్క మాట: గాయం లోతైతే పసరుతో ఆగకండి, ఆస్పత్రికి వెళ్ళి ధనుర్వాతం టీకా అవసరమేమో అడగండి.

ఆ పిల్ల సంక్రాంతి సెలవుల నుంచి ఒక నోటుపుస్తకంతో వచ్చింది. పదకొండు మొక్కల పేర్లు ఇంటి భాషలోనూ తెలుగులోనూ రాసుకుంది. పన్నెండోది రాయొద్దని అవ్వ చెప్పిందట. ఆ వరుస ఖాళీగానే ఉంచమన్నాను. ఏది చెప్పాలో, ఎవరికి చెప్పాలో నిర్ణయించే హక్కు అవ్వదే.