బురద విషమో కాదో తేల్చిన బుల్లి జీవి

ఇవాళ్టి కథలో హీరో బియ్యపుగింజ కంటే చిన్నది.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో టకోమా అనే ఓడరేవు ఉంది. పుయాలప్ నది అక్కడే కమెన్స్‌మెంట్ బే అనే అఖాతంలో కలుస్తుంది. చుట్టూ ఒకప్పుడు రాగి కరిగించే ఫ్యాక్టరీ, కెమికల్ ప్లాంట్లు, పేపర్ మిల్లు ఉండేవి. దశాబ్దాల పాటు వాటి వ్యర్థాలు అడుగు బురదలో పేరుకుపోయాయి. నీళ్లు కదిలిపోతాయి, బురద అక్కడే ఉంటుంది. మరి ఓడల దారి కోసం ఆ బురద తవ్వితే, తీసుకెళ్లి ఎక్కడ పోయాలి?

ల్యాబ్‌కి పంపితే ఆర్సెనిక్ ఇంత, సీసం ఇంత అని రిపోర్ట్ వస్తుంది. కానీ అది ప్రాణాలకు హాని చేస్తుందా? లోహం మట్టిని గట్టిగా పట్టుకుని ఉంటే జీవికి ఏమీ కాకపోవచ్చు. మనం వెతకని కెమికల్ ఇంకేదో చంపేయొచ్చు. కోడ్ ఎంత చదివినా, రన్ చేస్తేనే కదా బగ్ బయటపడేది!

అలా రన్ చేసి చూసింది ఆరెగాన్‌లోని న్యూపోర్ట్‌లో, ఈపీఏ అనే పర్యావరణ సంస్థ ల్యాబ్‌లో పనిచేసిన రిక్ స్వార్ట్జ్ టీమ్. వాళ్లు ఎంచుకున్నది రెపాక్సినియస్ అబ్రోనియస్. రొయ్యకు దూరపు చుట్టం, ఇసుకలో దూరి బతుకుతుంది. పద్ధతి సింపుల్. లీటరు బీకర్‌లో 2 సెంటీమీటర్ల బురద, పైన సముద్రపు నీళ్లు, అందులో 20 జీవులు. 10 రోజుల తర్వాత జల్లెడ పట్టి, బతికినవాటిని లెక్కపెట్టడమే. పక్కనే శుభ్రమైన ఇసుకతో ఇంకో బీకర్. అందులోనూ ఎక్కువగా చనిపోతే ఆ టెస్ట్ చెల్లదు.

1982లో కమెన్స్‌మెంట్ బే ఫలితాలు అచ్చయ్యాయి. హైలెబోస్ లాంటి పారిశ్రామిక కాలువల బురదలో విషం బయటపడింది. 1983లో ఆ ప్రాంతం సూపర్‌ఫండ్ జాబితాకెక్కింది. 1991లో వాషింగ్టన్ రాష్ట్రం అడుగు బురదకు ప్రమాణాలు పెట్టినప్పుడు, ఈ 10 రోజుల పరీక్షకూ వాటిలో చోటిచ్చింది.

లోపాలూ ఉన్నాయి. ఏ కెమికల్ చంపిందో ఇది చెప్పదు. పైగా మరీ మెత్తటి బురదైతే, విషం లేకపోయినా ఈ జీవి చనిపోవచ్చు. అందుకే అలాంటి మెత్తదనమే ఉన్న శుభ్రమైన బురదతో పోల్చి చూడాలి.

ఈసారి ఏదైనా రేవులో పూడికతీత అని వార్త కనిపిస్తే, కెమికల్ రిపోర్ట్‌తో ఆగిపోకండి. ఆ బురదలో ప్రాణి బతుకుతుందో లేదో చూశారా అని కూడా అడగండి.