హార్డ్‌టెయిలా, ఫుల్ సస్పెన్షనా: 140 ఏళ్ళ గొడవ

ఈ వారం ఎపిసోడ్ మౌంటెన్ బైకుల చరిత్ర మీద. ఆడియోలో కొన్ని పేర్లు, తేదీలు గబగబా చెప్పేశాను. వాటిని వరసలో పెట్టి, కాస్త నిదానంగా ఇక్కడ రాస్తున్నాను. ఎపిసోడ్ విననివాళ్ళకు కూడా అర్థమయ్యేలాగే రాశాను.

ప్రశ్న చిన్నదే. క్వేకర్స్ హిల్‌లో ఉండే మనలాంటివాళ్ళం వారాంతాల్లో ట్రైల్ సెంటర్‌కి వెళ్ళడానికి మౌంటెన్ బైకు కొనాలంటే ఏది కొనాలి? హార్డ్‌టెయిల్ అంటే ముందు ఫోర్కుకి మాత్రమే షాక్ ఉంటుంది, వెనక ఫ్రేము బిగుసుకుని ఉంటుంది. ఫుల్ సస్పెన్షన్‌లో వెనక చక్రం కూడా కీళ్ళ మీద కదులుతుంది, దానికి వేరే షాక్ ఉంటుంది. ట్రైల్ సెంటర్ అంటే సైకిళ్ళ కోసమే కట్టి, గుర్తులు పెట్టి, కష్టాన్నిబట్టి రంగులిచ్చిన మట్టిదారులున్న చోటు. ఆకుపచ్చ సులువు, నీలం మధ్యస్థం, నలుపు కష్టం.

రెండు రకాలకీ ధరలో తేడా వెయ్యి డాలర్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. ఇంటి లోను కడుతున్నవాళ్ళకు అది చిన్న మొత్తం కాదు. డబ్బుకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. మనకు సరిపడని సైకిల్ నాలుగు వారాలు తిరిగి గరాజ్‌లో గోడకి చేరుతుంది. దానితోపాటు ఆదివారం పొద్దున పిల్లలతో అడవిలోకి వెళ్ళే అలవాటు కూడా అక్కడే ఆగిపోతుంది. అందుకే ఈ గొడవ ఎక్కడ మొదలైందో చూద్దామని వెనక్కి వెళ్ళాను. వెళ్ళిన కొద్దీ ఒకటే కనబడింది. ప్రతిసారీ దారి ముందు మారింది, సైకిల్ తర్వాత మారింది.

స్ప్రింగు ముందొచ్చింది, గాలి టైరు తర్వాతొచ్చింది

సస్పెన్షన్ కొత్త వస్తువని మనం అనుకుంటాం. కాదు. 1885లోనే లండన్‌లో లిన్లీ అండ్ బిగ్స్ అనే కంపెనీ 'విప్పెట్' అనే స్ప్రింగు ఫ్రేము సైకిల్ చేసింది. అప్పటి టైర్లు గట్టి రబ్బరువి. రాళ్ళు పరిచిన రోడ్ల మీద ఎముకలు కదిలిపోయేవి. అందుకని సీటు, హ్యాండిల్, పెడళ్ళు ఈ మూడింటినీ ఒక గట్టి ముక్కగా చేసి, చక్రాలున్న చట్రం నుంచి స్ప్రింగుతో వేలాడదీశారు. అంటే ఈరోజు మనం ఫుల్ సస్పెన్షన్ అంటున్న ఆలోచనకి అదే ముత్తాత.

మూడేళ్ళకి, 1888లో, బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు తన కొడుకు మూడు చక్రాల సైకిల్‌కి గాలి నింపిన రబ్బరు గొట్టం చుట్టాడు. 1889లో విలియం హ్యూమ్ అనే పందెగాడు ఆ టైర్లతో బెల్‌ఫాస్ట్‌లో పోటీలు గెలిచాడు. ఇక అంతే, కొన్నేళ్ళలోనే స్ప్రింగు ఫ్రేముల మీద మోజు తగ్గింది. గాలి టైరే కుదుపుని మింగేస్తుంటే బరువైన స్ప్రింగులు ఎవరికి కావాలి?

మన ఊళ్ళల్లో అరవై డెబ్భై ఏళ్ళు తిరిగిన నల్ల సైకిల్ ఆ తీర్పుకి నిలువెత్తు సాక్ష్యం. హెర్క్యులీస్, అట్లాస్, హీరో, ఏదైనా సరే గట్టి ఇనప ఫ్రేము, లావు గాలి టైర్లు, తోలు సీటు కింద రెండు స్ప్రింగులు. సస్పెన్షన్ అంటే ఆ సీటు స్ప్రింగులే. చెరువు కట్టల మీద, బండి జాడల మీద బియ్యం బస్తాతో, వెనక ఒక మనిషితో ఆ సైకిల్ నడిచింది. దారి గతుకులదే, కానీ వేగం తక్కువ. అందుకే సరిపోయింది. ఇది గుర్తుపెట్టుకోండి, లెక్కలో వేగం కూడా ఉంది.

కొండ దిగడం మొదలయ్యాక

వేగం పెరిగిన రోజు ఎప్పుడంటే, 1976 అక్టోబర్ 21. అమెరికాలో, కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీలో, ఫెయిర్‌ఫాక్స్ దగ్గరి కొండమీద కొందరు కుర్రాళ్ళు పాత ష్విన్ సైకిళ్ళతో దిగుడు పందెం పెట్టుకున్నారు. మూడు కిలోమీటర్లకు పైగా మట్టిదారి, సుమారు 400 మీటర్ల దిగుడు. పెడల్ వెనక్కి తొక్కితే పడే పాతకాలపు బ్రేకులు ఎంత వేడెక్కేవంటే, వెనక హబ్‌లో గ్రీజు పొగై పోయేది. దిగాక విప్పి మళ్ళీ గ్రీజు పెట్టుకోవాల్సిందే. ఆ పని మీదే పందేనికి 'రీప్యాక్' అని పేరొచ్చింది.

ఆ గుంపులోంచే జో బ్రీజ్ 1977లో ఈ పనికోసమే మొదటి ఫ్రేము కట్టాడు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి 'మౌంటెన్‌బైక్స్' పేరుతో వ్యాపారం పెట్టారు, ఫ్రేములు టామ్ రిచీవి. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ 'స్టంప్‌జంపర్'ని పెద్ద ఎత్తున అమ్మకానికి తెచ్చింది. ఇవేవీ హార్డ్‌టెయిళ్ళు కూడా కావు. ముందూ వెనకా రెండూ గట్టివే. మోచేతులే షాకులు.

1989లో పాల్ టర్నర్ రాక్‌షాక్స్ కంపెనీ పెట్టాడు. ఆయన మోటారుసైకిళ్ళ లోకం నుంచి వచ్చినవాడు. ఆయన ఫోర్కు 'ఆర్ఎస్-1' కదలిక రెండంగుళాలు కూడా ఉండేది కాదు. అయినా 1990లో కొలరాడోలోని డురాంగోలో జరిగిన మొదటి యూసీఐ ప్రపంచ పోటీల్లో గ్రెగ్ హెర్బోల్డ్ దాంతోనే డౌన్‌హిల్ గెలిచాడు. ముందు చక్రానికి షాక్ ఉండాలా వద్దా అనే వాదన ఆ దశాబ్దంలోనే తేలిపోయింది. హార్డ్‌టెయిల్ అనే మాటకి అర్థం వచ్చింది కూడా అప్పుడే. వెనక కదిలేవి వచ్చాక కదలనిదానికి ఒక పేరు కావాల్సొచ్చింది.

వెనక షాక్ కథ అంత తేలిగ్గా తేలలేదు. కారణం చైను. మనం పెడల్ తొక్కినప్పుడల్లా చైను వెనక చక్రాన్ని లాగుతుంది. ఆ లాగుడుకి వెనక భాగం ఊగుతుంది. అంటే మన కాలి బలంలో కొంత స్ప్రింగుని నొక్కడానికే పోతుంది. ఆస్ట్రియా నుంచి కాలిఫోర్నియా వచ్చిన హోర్స్ట్ లైట్నర్ వెనక ఇరుసుకి కాస్త ముందు ఒక కీలు పెట్టి, ఈ లాగుడు, బ్రేకు దెబ్బ రెండూ షాక్ మీద పడకుండా చాలావరకు తగ్గించాడు. ఇప్పటికీ దాన్ని 'హోర్స్ట్ లింక్' అనే అంటారు.

దారులు కట్టడం మొదలయ్యాక

ఇప్పటిదాకా దారి అంటే దొరికిన దారి. 1990లలో వేల్స్‌లోని కోయిడ్ ఎ బ్రెనిన్ అడవిలో డాఫిడ్ డేవిస్ అనే ఆయన ఈ పద్ధతిని మార్చాడు. ప్రభుత్వ అటవీ భూమిలో, సైకిళ్ళ కోసమే, వానకి కొట్టుకుపోకుండా రాయి పరిచి దారులు కట్టించాడు. ట్రైల్ సెంటర్ అనే ఊహ అక్కణ్ణుంచి బ్రిటన్ అంతా పాకింది. ఆ దారులు పుట్టిన కాలంలో జనం చేతుల్లో ఉన్నవి ఎక్కువగా హార్డ్‌టెయిళ్ళే.

ఆస్ట్రేలియాలో ఈ కథ ఒక విషాదం మీద నిలబడి ఉంది. 2003 జనవరి 18న కాన్‌బెర్రా మంటల్లో స్ట్రోమ్లో కొండమీది పైన్ తోటలు కాలిపోయాయి. ఆ నేలలోనే స్ట్రోమ్లో ఫారెస్ట్ పార్క్ కట్టారు. 2009లో ప్రపంచ పోటీలు అక్కడే జరిగాయి. తర్వాత టాస్మేనియాలో, తగరం గనులు మూతబడ్డ డెర్బీ అనే చిన్న ఊరు 2015 నుంచి ట్రైల్స్‌తోనే మళ్ళీ లేచింది. కానీ డెర్బీ రాళ్ళు వేరు. దారులు కట్టేవాళ్ళకి అప్పటికి తెలుసు, జనం దగ్గర మంచి ఫుల్ సస్పెన్షన్ సైకిళ్ళున్నాయని. సైకిల్ మెరుగైతే దారి కఠినమైంది, దారి కఠినమైతే సైకిల్ షాకులు ఇంకా పొడుగయ్యాయి. ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ వచ్చాయి.

మన పెరట్లో ఒలింపిక్స్

క్వేకర్స్ హిల్ నుంచి దక్షిణంగా కారులో అరగంట వెళ్తే, అబట్స్‌బరీలో ఒక ఫారమ్ ఉంటుంది. పిల్లల్ని ఆవుల్ని, గొర్రెల్ని చూపించడానికి తీసుకెళ్తాం. ఇప్పుడు దాని పేరు కామ్స్‌లీ హిల్ సిటీ ఫారమ్, అప్పట్లో ఫెయిర్‌ఫీల్డ్ సిటీ ఫారమ్. 2000 సెప్టెంబర్ 23, 24 తేదీల్లో సిడ్నీ ఒలింపిక్స్ మౌంటెన్ బైకు పోటీలు జరిగింది అక్కడే. ఆడవాళ్ళలో ఇటలీకి చెందిన పావోలా పెజ్జో, మగవాళ్ళలో ఫ్రాన్స్‌కి చెందిన మిగెల్ మార్టినెజ్ గెలిచారు. ఆస్ట్రేలియా కుర్రాడు కాడెల్ ఎవాన్స్ ఏడో స్థానంలో వచ్చాడు. పదకొండేళ్ళ తర్వాత టూర్ డి ఫ్రాన్స్ గెలిచింది ఈయనే.

ఆ రోజుల్లో క్రాస్‌కంట్రీలో హార్డ్‌టెయిల్‌దే రాజ్యం. ఎక్కుడులో ప్రతి వంద గ్రాములూ లెక్కే. ఈ తీర్పు తిరగబడటానికి మరో పన్నెండేళ్ళు పట్టింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో, హాడ్లీ ఫారమ్‌లో, చెక్ దేశపు యారొస్లావ్ కుల్హావీ 29 అంగుళాల చక్రాల ఫుల్ సస్పెన్షన్ మీద, స్విట్జర్లాండ్‌కి చెందిన నీనో షుర్టర్ హార్డ్‌టెయిల్ మీద చివరి మలుపు దాకా కలిసి వచ్చారు. కుల్హావీ గెలిచాడు. తేడా ఒక్క సెకను. నాలుగేళ్ళకి రియోలో షుర్టర్ స్వర్ణం గెలిచాడు, ఈసారి ఫుల్ సస్పెన్షన్ మీద.

ఇది చూసి "అయితే ఫుల్ సస్పెన్షనే కొనాలి కదా" అంటారు. ఆగండి. వాళ్ళు మారింది పందెపు దారులు మారాయి కాబట్టి. కోర్సుల్లో పేర్చిన బండలు, దూకుళ్ళు పెరిగాయి. మన దారి ఏది?

క్వేకర్స్ హిల్ లెక్క

మనకు అందుబాటులో ఉన్న నేల రెండు రకాలు. మనం ఉంటున్న కంబర్లాండ్ మైదానం బంకమట్టి నేల, చిన్న చిన్న గుట్టలు. సెసిల్ పార్క్‌లోని వైల్డ్ ట్రైల్ ఈ నేల మీదే ఉంది. మలుపుల్లో కట్టలు, అలల్లాంటి ఎత్తుపల్లాలు, పెద్ద బండలు తక్కువ. వానొస్తే మూసేస్తారు, బంకమట్టి కదా. ఇంకో విషయం. 2005 డిసెంబర్‌లో ఎం7 మోటార్‌వే తెరిచినప్పుడు దాని వెంట సుమారు 40 కిలోమీటర్ల సైకిల్ దారి కూడా ఇచ్చారు. అది క్వేకర్స్ హిల్ పక్కనుంచే సెసిల్ పార్క్ వైపు పోతుంది. అంటే ఓపికుంటే కారు తియ్యకుండా ట్రైల్ దాకా తొక్కుకుంటూ పోవచ్చు. తారు మీద అంత దూరం వెనక షాక్‌ని మోసుకెళ్ళడం ఎందుకు? ఈ నేలకి హార్డ్‌టెయిల్ చాలు. చాలడమే కాదు, హాయిగా ఉంటుంది. అదే డబ్బుకి మెరుగైన ఫోర్కు, బ్రేకులు, టైర్లు వస్తాయి. వెనక కీళ్ళ బేరింగులు మార్చే ఖర్చు, షాక్ సర్వీసు ఖర్చు ఉండవు. ఇప్పటి లావు ట్యూబ్‌లెస్ టైర్లలో గాలి తగ్గించి నడిపితే చాలా కుదుపు అక్కడే పోతుంది. డన్‌లప్ చేసిన పనే మళ్ళీ.

రెండో నేల పడమట మొదలవుతుంది. నెపియన్ నది దాటి గ్లెన్‌బ్రూక్, ల్యాప్‌స్టోన్ ఎక్కగానే ఇసుకరాయి. న్యాప్‌శాక్ రిజర్వ్‌లో మెట్లలాంటి బండలు, చెట్ల వేళ్ళు. అక్కడ వెనక చక్రం నేలని వదలకుండా ఉండటం సుఖం కోసమే కాదు, అదుపు కోసం. బ్రేకు పట్టాలన్నా టైరు నేల మీద ఉండాలిగా. నడుం నొప్పి ఉన్నవాళ్ళకీ, నలభై దాటాక మొదలుపెట్టినవాళ్ళకీ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. గంటన్నర తర్వాత కూడా ఒళ్ళు సహకరిస్తే మళ్ళీ వారం వెళ్ళాలనిపిస్తుంది. థ్రెడ్‌బో లాంటి లిఫ్టు ఎక్కి దిగే చోట్లకి ఏటా వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట అక్కర్లేదు. కానీ ఏడాదికి ఒక్కసారే వెళ్ళేటట్టయితే, అక్కడ సైకిళ్ళు అద్దెకిస్తారు.

మూడో రకం సైకిల్ ఒకటుంది, దాన్ని మాత్రం ముట్టుకోకండి. పెద్ద దుకాణాల్లో నాలుగైదు వందలకే దొరికే 'డ్యూయల్ సస్పెన్షన్'. మన ఊళ్ళల్లో పిల్లలు మారాం చేసి కొనిపించుకునే 'డబుల్ షాకర్' కూడా అదే జాతి. అసలు షాక్‌లో స్ప్రింగుతోపాటు, అది ఒక్కసారిగా ఎగరకుండా ఆపే నూనె దారి కూడా ఉంటుంది. వీటిల్లో చాలావాటికి వట్టి స్ప్రింగే. నొక్కితే ఎగురుతుంది, అంతే. బరువు మాత్రం నిజం. ఆ డబ్బుకి హార్డ్‌టెయిలే, కావాలంటే వాడేసినదైనా సరే, నయం.

నా మట్టుకు నేను కొనబోయేవాళ్ళని అడిగేది ఒకటే. రాబోయే పది ఆదివారాల్లో మీరు నిజంగా ఎక్కడికి వెళ్తారో కాగితం మీద రాయండి. వెళ్ళాలనుకునేవి కాదు, పిల్లల తెలుగు బడి, క్రికెట్టు, గుడి, పుట్టినరోజు పార్టీలు పోగా మిగిలినవి. అందులో ఆరేడు సార్లు సెసిల్ పార్కో, ఎం7 దారో ఉంటే హార్డ్‌టెయిల్ తీసుకోండి. ఆరేడు సార్లు నెపియన్ దాటేవే ఉంటే ఇంకొన్ని నెలలు డబ్బు దాచి ఫుల్ సస్పెన్షన్ తీసుకోండి. కాగితం మీద మొత్తం మూడే ఉంటే, ముందు అద్దె సైకిల్‌తో ఆ మూడూ తిరిగి రండి.